ఆరేళ్ళ పిల్లవాడికి 'ఆక్యుపేషన్' ఏమిటి?

"మా బాబుకు ఆరేళ్ళు. నెలలు నిండకుండా పుట్టాడు. కుడిచేయి, కుడికాలు సరిగా స్వాధీనంలో లేవు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మూడేళ్ళనుంచి ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. కుంటుతూ అయినా నడుస్తున్నాడు. ఒకటో తరగతి చదువుతున్నాడు. తెలివికి లోటు లేదు. కాని తన పని ఒక్కటీ తను చేసుకోలేడు. స్నానం, బట్టలు, అన్నం అన్నీ నేనే చూడాలి. ఎడమచేత్తో తినబోతే మా అత్తగారు ఒప్పుకోరు. మొన్న పెద్ద డాక్టరుగారు 'ఆక్యుపేషనల్ థెరపీ' చేయించమని రాసిచ్చారు. మావారు 'ఆరేళ్ళవాడికి ఆక్యుపేషన్ ఏమిటి, ఉద్యోగంలో పెడతారా?' అని నవ్వేశారు. మా బంధువొకాయన మూలకణాల ఇంజక్షన్లు చేయిస్తే చేయి పూర్తిగా వచ్చేస్తుందనీ, ఐదారు లక్షలవుతుందనీ చెబుతున్నాడు. కొంచెం పొలం వుంది. అమ్మమంటారా?"

పొలం అమ్మకండి. ఎందుకో తరవాత చెబుతాను. ముందు మీవారి ప్రశ్న చూద్దాం. ఆయన అడిగినదాంట్లో న్యాయం వుంది. ఆక్యుపేషన్ అనగానే మనకు బ్యాంకు ఫారంలో 'వృత్తి' అని వుండే గడి గుర్తుకొస్తుంది. తెలుగులో కూడా కొందరు దీన్ని 'వృత్తి చికిత్స' అని రాస్తున్నారు. ఆ మాట విన్నవాళ్ళెవరైనా కుట్టుమిషనో, బుట్టల అల్లకమో నేర్పిస్తారేమో అనుకుంటారు. నిజానికి పొద్దున లేచినప్పటినుంచి రాత్రి పడుకునేదాకా మనిషి తన కోసం చేసుకోవలసిన పనులన్నీ ఆక్యుపేషన్లే. మీవారికి ఆఫీసు పని ఎలాగో, ఆరేళ్ళవాడికి పళ్ళు తోముకోవడం, అన్నం తినడం, చొక్కా వేసుకోవడం, ఆడుకోవడం, అక్షరాలు రాయడం అలాగ. ఈ పనులు చేసుకోవడమెలాగో నేర్పే వైద్యమే ఆక్యుపేషనల్ థెరపీ.

ఇది మన దేశానికి నిన్నమొన్న వచ్చింది కాదు. 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో దీనికి శిక్షణ మొదలైంది. మొదలుపెట్టినావిడ కమలా నింబ్కర్. పుట్టుకతో అమెరికన్, ఇక్కడివారిని పెళ్ళాడి ఇక్కడే స్థిరపడ్డారు. అయినా మన జిల్లాల్లో ఈ పేరు తెలిసిన ఇళ్ళు ఇప్పటికీ తక్కువే. ఫిజియోథెరపీ అంటే తెలుసు, ఇది తెలియదు. ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కాలు ఎలా కదలాలి, కండరం ఎలా బలపడాలి అని చూస్తాడు. ఆక్యుపేషనల్ థెరపిస్టు 'ఈ చేతులతోనే ఈ పిల్లవాడు ఇవాళ చొక్కా వేసుకోవడమెలా' అని చూస్తాడు. రెండూ కావాలి. మధ్యలో గీత గీసినట్లు హద్దేమీ వుండదు.

మీరు చేసిపెట్టడంలో వచ్చే చిక్కు

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'అన్నీ నేనే' అన్నది. బడి బస్సు ఎనిమిదింటికి వస్తుంది. వాడు ఒక చొక్కా చేతిలో చేయి దూర్చడానికి పది నిమిషాలు తీసుకుంటాడు. పక్కన నిలబడి చూస్తూ వూరుకోవడానికి ఏ తల్లికీ చేతులు రావు. లాగి తొడిగేస్తాం. ముద్దలు కలిపి నోట్లో పెట్టేస్తాం. ఇందులో మీ తప్పేమీ లేదు. కాని మెదడు సంగతి వేరు. ఏ చేతికి పని పడదో ఆ చేతిని మెదడు మెల్లమెల్లగా లెక్కలోంచి తీసేస్తుంది. మీవాడి కుడిచేతిలో ఇప్పుడున్న కొద్ది శక్తి కూడా పని లేక మూలపడుతుంది.

ఇంకొకటి. ఇవాళ వాడి బరువు పద్దెనిమిదో, ఇరవయ్యో కిలోలు వుంటుంది. పన్నెండేళ్ళకు రెట్టింపవుతుంది. అప్పటికి మీ నడుము ఇలాగే వుంటుందా? అది అటుంచండి. పన్నెండేళ్ళ మగపిల్లవాడికి అమ్మ స్నానం చేయించడమంటే వాడికెంత సిగ్గో ఆలోచించండి. మీకు జ్వరం వచ్చి మంచం మీదుంటే ఆ రోజు వాడు ఏం తింటాడో, ఎలా తింటాడో అదీ ఆలోచించండి. తనకు రెండూ రెండూ ఎంతో తెలిసిన కుర్రవాడు తన కంచంలో అన్నం తను తినలేకపోవడానికి కారణం చేయి ఒక్కటే కాదు, అవకాశం ఇవ్వకపోవడం కూడా.

ఎడమచేత్తో అన్నమా?

మీ అత్తగారి అభ్యంతరాన్ని తీసిపారేయకండి. ఆ ఆచారం వెనక వున్నది శుభ్రత. దొడ్డికి వెళ్ళి కడుక్కునే చేయి, అన్నం తినే చేయి వేరుగా వుండాలని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు. మీవాడికి రెండు పనులకూ వున్న నమ్మకమైన చేయి ఒక్కటే. కాబట్టి శుభ్రతను ఇంకో దారిలో సాధించాలి. పాయిఖానాలో కుళాయికి చేతిషవరు పెట్టించండి, కడుక్కోవడంలో చేతికి పని తగ్గుతుంది. తరవాత సబ్బుతో చేయి కడుక్కోవడం ఖచ్చితంగా నేర్పండి. ఒక్క చేయి కడుక్కోవడమెలా అంటారేమో, కుడిచేతికి సబ్బు నురుగు పెట్టి ఎడమచేతిని దానిమీద రుద్దుకోవాలి. రెండు చేతులకూ పని పడుతుంది. 'అత్తయ్యా, వాడు తినేది కడుక్కున్న చేత్తోనే' అని మీరు చెప్పండి. నాయనమ్మే దగ్గరుండి చేయి కడిగించే బాధ్యత తీసుకుంటే ఇంకా మంచిది. బలవంతంగా కుడిచేత్తో తినిపించాలని చూస్తే వాడు సగం అన్నం ఒలకబోసి, సగం ఆకలితో లేస్తాడు.

అయితే కుడిచేతికి సెలవు ఇచ్చేయమని కాదు. కంచం అంచు పట్టుకోవడం కుడిచేతి పని. కంచం కింద తడిగుడ్డ పరవండి, జారదు. పళ్ళెంలాంటి పల్చని కంచం వద్దు, నిలువు అంచు వుంటే మెతుకులు అంచుకు ఆనించి ముద్ద చేసుకోవచ్చు. గోడకు ఆనుకుని మఠం వేసుకుని కూర్చోబెట్టి కంచం చిన్న పీటమీద పెట్టండి. బల్లమీద తినేట్టయితే పాదాలు గాలిలో వేళ్ళాడకూడదు, కింద చెక్కపెట్టె ఏదైనా వేయండి. మొదట్లో చారన్నం పెట్టకండి. ఇడ్లీ ముక్క, ముద్దపప్పు కలిపిన అన్నం, ఆ తరవాత పెరుగన్నం, చారు చిట్టచివర. తలను వెనక్కు వంచి ఎవరూ నోట్లో పోయకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వుంది.

అన్నం దగ్గరే మరొకటి గమనించండి. కంచంలో ఎప్పుడూ కుడివైపున్న కూర వదిలేస్తున్నాడా? నోటు పుస్తకంలో కుడిపక్క ఖాళీగా వదులుతున్నాడా? ఒక పక్క చేయీ కాలూ దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి ఆ పక్క చూపు కూడా దెబ్బతింటుంది. అది మొండితనమనుకుని పిల్లవాణ్ణి కొట్టేవాళ్ళున్నారు. కంటి డాక్టరుకు చూపించండి.

ఎడమచేతికి సబ్బు రాయాలంటే కుడిచేయి తప్ప దిక్కులేదు

స్నానాన్ని నేను అన్నిటికంటే మంచి కసరత్తు అంటాను. ఎందుకంటే ఎడమచేతికి సబ్బు రాయాలంటే ఎడమచేయి పనికిరాదు. కుడిచేయి రావాల్సిందే. పాత తువాలు గుడ్డతో చేతి సంచిలాంటి తొడుగు కుట్టి కుడిచేతికి తొడగండి. దానికి సబ్బు పట్టించి ఎడమచేతిమీద, పొట్టమీద, తొడలమీద రుద్దుకోనివ్వండి. బలం చాలకపోతే మీ చేయి వాడి మోచేతి కింద పెట్టండి చాలు, మీరు రుద్దకండి. జారని పీట వేయండి. పిడి వున్న మగ్గు ఇవ్వండి. బకెట్టు ఎడమపక్కన పెట్టండి. సబ్బును వలసంచిలో వేసి కుళాయికి కట్టండి, జారిపోదు. ఫిట్స్ వచ్చే అలవాటున్న పిల్లలను మాత్రం స్నానాలగదిలో ఒంటరిగా వదలకూడదు. మీవాడికి వున్నాయో లేవో మీరు రాయలేదు.

బట్టల విషయంలో ఒక సూత్రం గుర్తుంచుకోండి. వేసేటప్పుడు బలం లేని చేయి ముందు, తీసేటప్పుడు బలం లేని చేయి చివర. కుడిచేయి ముందు దూర్చి, చొక్కా భుజందాకా లాగి, ఆ తరవాత ఎడమచేయి. ఇది తెలియక రోజూ యుద్ధం చేసే ఇళ్ళు ఎన్నో. చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించండి. గుండీలు కిందనుంచి పైకి పెట్టుకోవడం తేలిక, కింద గుండీ కళ్ళకు కనబడుతుంది గదా! గుండీలు అసలు సాధ్యం కాకపోతే టైలరుతో లోపల వెల్క్రో పట్టీ కుట్టించి పైన గుండీలు అలంకారంగా వుంచండి. బడిలో ఎవరికీ తేడా తెలియదు.

నిక్కరు నేర్పడానికి థెరపిస్టులు వాడే కిటుకు ఒకటుంది. మొదటి మెట్టునుంచి కాకుండా చివరి మెట్టునుంచి నేర్పడం. మీరే నిక్కరు తొడలదాకా తొడగండి, నడుముదాకా లాగడం వాడికి వదిలేయండి. అది వచ్చాక మోకాళ్ళదాకా మాత్రమే తొడగండి. ఆ తరవాత పాదాలదాకా. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తిచేసింది వాడే అవుతాడు. మొదటినుంచి మొదలుపెట్టిస్తే సగంలో విసిగిపోతాడు, మిగతాది మీరు పూర్తిచేస్తారు. చేతకాలేదన్న భావం వాడికి మిగులుతుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మంచి థెరపిస్టు మొదటిరోజే కసరత్తులు చెప్పడు. 'మీ ఇంట్లో ఏ పని కష్టంగా వుంది?' అని మిమ్మల్ని అడుగుతాడు. 'నీకు ఏది రావాలని వుంది?' అని పిల్లవాణ్ణీ అడుగుతాడు. ఆ పనికి ఒకటినుంచి పదిలో ఇప్పుడు ఎన్ని మార్కులో మీచేత చెప్పించి రాసుకుంటాడు. కొన్ని వారాల తరవాత మళ్ళీ అడుగుతాడు. మీకు స్నానం ముఖ్యమనిపించవచ్చు, వాడికి సైకిలు తొక్కడం, పతంగి దారం పట్టుకోవడం ముఖ్యం కావచ్చు. వాడి కోరికను తేలిగ్గా తీసుకోకండి. ఇష్టమైన పనికి కుడిచేయి తనంతట తనే వస్తుంది. హడావిడిగా వుండే బడిరోజు పొద్దున్న మీరే తొడగండి, ఫరవాలేదు. నేర్పడం సాయంత్రానికో, ఆదివారానికో పెట్టుకోండి.

ఆటలు కూడా మందే. పూలు గుచ్చడం, చిక్కుడుకాయలు వలవడం, చపాతీపిండి పిసకడం, ముగ్గుపిండితో చుక్కలు పెట్టడం, వామనగుంటలు అన్నీ రెండు చేతులకు పని చెప్పేవే. డబ్బు పోసి కొన్న బొమ్మలకంటే ఇవి తక్కువేమీ కాదు. నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు మాత్రం చింతగింజలు ఇవ్వకండి.

ఒక చిన్న లెక్క

సెరిబ్రల్ పాల్సీకి ఏ వైద్యం పనిచేస్తుంది, ఏది పనిచేయదు అని ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్, ఆమె సహచరులు 2013లోనూ, మళ్ళీ 2020లోనూ ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి ప్రకటించారు. పిల్లవాడు తనంతట తను, నిజమైన పనిని, తన ఇంట్లో, పదేపదే చేయడం పనిచేస్తుందని తేలింది. పిల్లవాడు పడుకుని వుంటే ఇతరులు వాడి చేతులు కాళ్ళు వంచడం, మాలిష్ చేయడంవల్ల మాత్రమే చేతికి పని రాదనీ తేలింది. నూనె రాస్తే హాయిగా వుంటుంది, రాయండి. కాని చొక్కా వేసుకోవడం చొక్కాతోనే వస్తుంది.

ఒక ఫలానా పని పట్టుబడాలంటే సుమారు 15 నుంచి 25 గంటల సాధన కావాలని పరిశోధనల అంచనా. మీరు వారానికి ఒకసారి థెరపిస్టు దగ్గర అరగంట గడుపుతారనుకోండి. ఆ గంటలు పూర్తికావడానికి 30 నుంచి 50 వారాలు పడుతుంది. అదే ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలైతే 45 నుంచి 75 రోజులు. అందుకే థెరపిస్టు పిల్లవాడితోపాటు తల్లికీ నేర్పుతాడు. తల్లి అంటున్నాను గాని, ఈ భారమంతా తల్లిమీదే పడేస్తే పద్ధతి ఎంత మంచిదైనా నెలలో కొండెక్కుతుంది. స్నానం తండ్రికి, చేతులు కడిగించడం నాయనమ్మకు, ఆట చెల్లెలికో, పక్కింటి పిల్లలకో పంచండి. మీవారు నవ్వి వూరుకోకుండా ఆదివారం స్నానం తన వాటాగా తీసుకోవాలని నా సలహా.

మరి ఇంజక్షన్లు?

దెబ్బతిన్న మెదడును మూలకణాలు మునుపటిలా చేస్తాయని ప్రకటనలు వస్తూనే వున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తసంబంధమైన జబ్బులకు చేసే మార్పిడి తప్పిస్తే, అనుమతి పొందిన ప్రయోగాలకు వెలుపల మూలకణాలను వైద్యంగా ఇవ్వకూడదు. అనుమతి వున్న ప్రయోగంలో చేరేవాళ్ళనుంచి డబ్బు వసూలు చేయరు. లక్షలు అడుగుతున్నారంటేనే మీరు అర్థం చేసుకోవాలి. పుట్టినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బ పోయేది కాదు. ఆ దెబ్బతోనే ఎన్ని పనులు చేసుకోగలడో అన్నది మాత్రం మన చేతిలో వుంది. దానికి పొలం అక్కరలేదు.

ఇంకా చిన్న పిల్లలున్న తల్లులు

ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ, రెండో చేతిని పిడికిలి బిగించి వుంచుకుంటే 'ఎడమచేతివాటం' అని మురిసిపోకండి. ఏ చేతివాటమో తేలేది ఆ తరవాతే. అంత ముందుగా తేడా కనబడిందంటే రెండో చేతిలో ఏదో లోపం వుందని అనుమానించాలి. తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా డాక్టరుకు చూపించాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త. 'మగపిల్లలు ఆలస్యంగా చేస్తారు, మేనమామ కూడా ఇంతే' అన్న మాటలతో మొదటి రెండేళ్ళు పోగొట్టుకోకండి. మెదడు కొత్తదారులు వెదుక్కునే కాలం అదే.

బడిలో

మీవాడు ఎడమచేత్తో రాస్తాడు కాబట్టి బెంచీలో ఎడమ చివర కూర్చోబెట్టమనండి. మధ్యలో కూర్చుంటే పక్కవాడి మోచేయి తగులుతూనే వుంటుంది, ఇద్దరికీ తగవు. కాగితానికి పరీక్ష అట్ట, క్లిప్పు వుండాలి. అట్టమీద కుడిచేయి ఆనించి వుంచడం అలవాటు చేయించండి. కాగితం కొంచెం కుడివైపుకు వాల్చి పెడితే రాసినది చెరిగిపోదు. పెద్ద తరగతులకు వెళ్ళాక, చట్టం చెప్పినంత వైకల్యం వుంటే పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. మరుగుదొడ్డికి ఎవరు తోడు వెళ్తారో, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత ఎవరు తీస్తారో టీచరుగారితో ముందే మాట్లాడండి. డబ్బా మూత వాడే తీసుకునేలాంటిది కొనడం ఇంకా మేలు.

ఎక్కడికి వెళ్ళాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రుల్లో పిల్లల కోసం సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటు చేశారు. ముందు అక్కడ అడగండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. ముఖ్యంగా బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం. మీవాడిలాగా కాక, దానితో కూడిన ఇబ్బందులున్న పిల్లల తల్లిదండ్రులు అక్కడ సలహా తీసుకోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ వుంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం వుందని ధ్రువపత్రం వస్తే 6నుంచి 18 ఏళ్ళదాకా ఉచిత విద్యకు హక్కు వుంటుంది. యు.డి.ఐ.డి. కార్డుకు దరఖాస్తు చేయండి. సిగ్గుపడి ఈ కార్డు తీసుకోని కుటుంబాలు చాలా వున్నాయి. పెళ్ళికి అడ్డమొస్తుందని ఆరేళ్ళవాడి విషయంలో కూడా అనేవాళ్ళున్నారు!

థెరపిస్టు దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత ఎక్సురేలు, చీటీలతోపాటు వాడు రోజూ వేసుకునే యూనిఫారం చొక్కా, బూట్లు, తినే కంచం, బడి సంచి కూడా పట్టుకెళ్ళండి. వాడు ఇంట్లో అన్నం తింటుండగా సెల్‌ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసుకుని వెళ్ళి చూపించండి. తీసేటప్పుడు మీరు సాయం చేయకండి, మెతుకులు కింద పడినా సరే.